మలుపులో బండి చేయు చప్పుడు: కారణములు, పరీక్షా విధానము

చెత్తను తరలించుటకును, బ్లీచింగు పౌడరు బస్తాలను, వీధి దీపముల సామగ్రిని, నాటవలసిన మొక్కలను చేరవేయుటకును పికప్ అను చిన్న సరకుల బండిని పలు గ్రామ పంచాయతీలు వాడుచున్నవి. కొన్నిచోట్ల అది సొంత బండి, కొన్నిచోట్ల అద్దెది. ఏదైనను ఒకనాడు డ్రైవరు వచ్చి, “సర్పంచి గారూ, బండి తిప్పితే ముందు నుంచి చప్పుడొస్తోందండీ” అని చెప్పుట సహజము.

అట్టి సమయమున సాధారణముగా రెండు పొరపాట్లు జరుగును. బండి నడచుచున్నది గదా యని ఊరకుండుట మొదటిది. చెడిన భాగమేదో తెలియకయే నాలుగైదు భాగములు మార్పించి పంచాయతీ నిధిని వెచ్చించుట రెండవది. మొదటి దానివలన ప్రాణహాని, రెండవ దానివలన ధనహాని కలుగవచ్చును. జ్వరము వ్యాధికి గుర్తయినట్లే చప్పుడు లోపమునకు గుర్తు. గుర్తును అణచుట వేరు, లోపమును కనుగొనుట వేరు. మరమ్మతు చేయుట మెకానిక్కు పని. అయినను సరియైన ప్రశ్న వేయుటకు సభ్యులకు కొంత పరిజ్ఞానము అవసరము.

ముందు భాగపు నిర్మాణము

పికప్ బండ్లలో అధిక భాగము ఇంజను శక్తిని వెనుక చక్రములకే అందించును. ముందు చక్రములు బరువు మోయుచు దిక్కును మార్చును. స్టీరింగు త్రిప్పినపుడు ఆ కదలిక స్టీరింగు పెట్టెకును, అచటినుండి టై రాడ్ అను కడ్డీలకును, వాని కొనలనుండి చక్రములకును చేరును. కొన్ని బండ్లలో చక్రము అటునిటు తిరుగుటకు పైన ఒకటి, క్రింద ఒకటి బాల్ జాయింట్లు ఉండును. ఇవి గిన్నెలో గుండు తిరిగినట్లు తిరుగును. ముందు ఇరుసు ఒకే దూలముగా నున్న బండ్లలో వీనికి బదులు కింగ్ పిన్ అను ఇనుప కీలు ఉండును. చక్రము సులభముగా దొర్లుటకు బేరింగులును, గతుకుల దెబ్బ తగ్గించుటకు కమాను పట్టీలు లేక చుట్ట స్ప్రింగులును, కీళ్లలో రబ్బరు బుష్షులును అమర్చబడియుండును. దుమ్ము, బురద, అధిక భారము వీనిని క్రమముగా అరగదీయును.

చప్పుడును బట్టి కారణము

మలుపులో వచ్చు చప్పుళ్లన్నియు ఒక్క తీరున ఉండవు. చెవి యొగ్గి వినినచో ముఖ్యముగా ఈ క్రింది భేదములు తెలియును.

1. ‘టక్’ మని ఒక్కొక్క దెబ్బ: నిలిచియున్న బండిలో స్టీరింగును అటునిటు త్రిప్పినపుడు ఇట్లు వినవచ్చినచో బాల్ జాయింటు, టై రాడ్ కొన, లేదా రబ్బరు బుష్షు వదులైయుండవచ్చును.

2. ‘కిర్రు’ మను ధ్వని: గ్రీజు ఎండిన బాల్ జాయింటు లేక కింగ్ పిన్ దీనికి కారణము కావచ్చును. కమాను పట్టీల నడుమ దుమ్ము చేరినను, బుష్షులు ఎండినను ఇట్లే పలుకును.

3. ‘కటకట’ మని చక్రముతో పాటు వేగము హెచ్చు ధ్వని: ఇది ముందు చక్రములకు కూడ ఇంజను శక్తి అందు బండ్లలో, స్టీరింగు పూర్తిగా త్రిప్పి ముందుకు పోనిచ్చునపుడు వినబడును. ఇరుసు కొననున్న సి.వి. జాయింటు అరిగెనని శంకింపవలెను. దానిపై రబ్బరు తొడుగు చినిగి, చక్రము లోపలి వైపున గ్రీజు చిమ్మియుండుట సాక్ష్యము.

4. ‘కుయ్’ మని మూలుగు: ఇంజను నడచుచున్నపుడు మాత్రమే వినబడినచో పవర్ స్టీరింగు నూనె తగ్గినదో, బెల్టు వదులైనదో చూడవలెను. విద్యుత్తుతో పనిచేయు స్టీరింగుకు ఈ నూనె ఉండదు.

5. ‘ఘూ’ మని సాగు మ్రోత: వేగముతో హెచ్చుచు, ఒక వైపు మలుపులో పెరిగి మరియొక వైపున తగ్గినచో అది చక్రపు బేరింగు ధ్వని. ఎడమకు మరలునపుడు బరువు కుడి చక్రముపై అధికముగా పడును. కనుక ఎడమ మలుపులో మ్రోత హెచ్చినచో తొలుత కుడి బేరింగును శంకింపవలెను.

6. ‘సర్రు’ మని రాపిడి: టైరు మడ్‌గార్డుకో, దాని లోపలి తొడుగుకో రాయుచుండవచ్చును. టైరుపై నున్నగా అరిగిన గీత కనబడును. బండికి నిర్ణయించిన కొలతకు మించిన టైరును అమర్చినను, అధిక భారము వేసినను ఇట్లు జరుగును.

పరీక్షించు క్రమము

భాగములను విప్పుటకు పూర్వము అతి సులభమైన కారణములను చూడవలెను. సీటు క్రిందనున్న జాకీ, పానాలు దొర్లుట వలన వచ్చు చప్పుడును ముందు చక్రపు లోపముగా భ్రమపడుట కలదు. బ్రేకు రేకు నడుమ చిన్న రాయి చిక్కినను గీకుడు ధ్వని వచ్చును. టైరు మార్చిన పిమ్మట చప్పుడు మొదలైనచో వెంటనే చక్రపు నట్ల బిగింపు చూడవలెను.

తరువాత బండిని చదునైన నేలపై నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు అడ్డు పెట్టవలెను. ఒకరు స్టీరింగును మెల్లగా త్రిప్పుచుండగా మరియొకరు ప్రక్కనుండి గమనింపవలెను. ఇంజను ఆపి ఒకసారి, నడిపి ఒకసారి వినినచో నూనె, బెల్టు లోపములు కీళ్ల లోపముల నుండి వేరుపడును. కదలు భాగముల నడుమ వ్రేళ్లు పెట్టరాదు.

మూడవది జాకీ పరీక్ష. దీనిని మెకానిక్కు చేయునపుడు సభ్యుడొకరు దగ్గర నుండుట మేలు. చుట్ట స్ప్రింగు క్రింది చేతిపై నున్న బండ్లలో ఆ చేయి క్రిందనే జాకీ పెట్టి చక్రము లేపవలెను. లేనిచో స్ప్రింగు ఒత్తిడి కీలు వదులును కప్పిపుచ్చును. బండిని గట్టి స్టాండుపై నిలుపవలెను. జాకీనొక్కదానినే గాని, పేర్చిన ఇటుకలను గాని నమ్మి బండి క్రింద దూరరాదు. చక్రమును పైన, క్రింద పట్టి ఊపినపుడు కదలిక యున్నచో బేరింగు గాని, బాల్ జాయింటు లేక కింగ్ పిన్ గాని వదులైనట్లు. అప్పుడొకరు బ్రేకు త్రొక్కి యుంచవలెను. కదలిక పోయినచో లోపము బేరింగుది, నిలిచినచో కీలుది. చక్రమును కుడియెడమల పట్టి ఊపినపుడే కదలినచో టై రాడ్ కొనను చూడవలెను.

ఏ సందర్భమున బండి నాపవలెను?

ఎండిన బుష్షు కిర్రుమనినచో కొలది దినములు ఆగవచ్చును. కాని చక్రపు నట్లు వదులైనను, బాల్ జాయింటు, టై రాడ్ కొన, బేరింగులలో కదలిక కనబడినను బండిని ఆ క్షణముననే నిలుపవలెను. టై రాడ్ కొన ఊడినచో ఆ చక్రము స్టీరింగు మాట వినదు. క్రింది బాల్ జాయింటు విడిపోయినచో చక్రము ప్రక్కకు ఒరిగి బండి కూలబడును. లోపల కూర్చున్న కార్మికులకును, దారి ప్రక్క నడచు బడిపిల్లలకును అది ప్రాణాపాయము.

వదులైన కీలులోనికి గ్రీజు ఎక్కించినచో చప్పుడు కొన్ని దినములు అణగిపోవచ్చును. అరుగుదల మాత్రము అట్లే యుండును. కనుక “చప్పుడు పోయినదా?” అని కాక, “కదలిక పోయినదా?” అని అడుగవలెను. సి.వి. జాయింటు తొడుగు చినిగిన వెంటనే క్రొత్త తొడుగు, గ్రీజు వేయించినచో స్వల్ప వ్యయముతో తీరును. ఇసుక చేరి జాయింటు అరిగిన పిమ్మట జాయింటునే మార్చవలసి వచ్చును.

పంచాయతీ కర్తవ్యము

బండికొక పుస్తకము పెట్టి, చప్పుడు విన్న తేదీ, మీటరు అంకె, ఏ వైపు మలుపు, ఖాళీగానా బరువుతోనా యను వివరములు డ్రైవరుచే వ్రాయింపవలెను. చప్పుడును తెలిపిన డ్రైవరును మందలింపరాదు. మందలించినచో రేపటి లోపమును అతడు దాచును. మార్చిన పాత భాగమును తెప్పించి చూచిన పిమ్మటనే బిల్లును ఆమోదింపవలెను. టై రాడ్ కొన మార్చినపుడు చక్రముల అలైన్‌మెంటు చేయించితిరా యని అడుగవలెను. లేనిచో టైరు ఒక అంచున త్వరగా అరుగును.

ఇరుకు సందులలో నిలిచియున్న బండి స్టీరింగును బలవంతముగా త్రిప్పుట కీళ్లకు చేటు. బండి మెల్లగా కదలుచుండగా త్రిప్పుట అలవరచుకొనవలెను. పరిమితికి మించి బరువు వేయరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా వాహనమునకు ఫిట్‌నెస్ ధ్రువపత్రము ఉండవలెను. అయితే పరీక్షనాడు గట్టిగా నున్న కీలు తరువాత వదులు కాదని ఆ పత్రము హామీ ఇయ్యదు. నెలకొకసారి గ్రీజు, నట్లు, టైర్ల అరుగుదల చూచుట పంచాయతీ బాధ్యత.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన బండి ముందు చక్రములకు ఇంజను శక్తి అందునా?
2. కుడి మలుపులో మ్రోత హెచ్చినచో ఏ వైపు బేరింగును ముందు చూడవలెను?
3. గత మరమ్మతులో మార్చిన పాత భాగమును మనలో ఎవరైన చూచితిమా?