సంతకం పెట్టే ముందు ఒక గీత గీయండి

త్రిపురారం మండలంలో ఏ ఇంట్లోనైనా పదో తరగతి గణితం పుస్తకం తెరవండి. రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత అని ఒక పాఠం కనిపిస్తుంది. 'ఇది పరీక్షకు తప్ప దేనికి పనికొస్తుంది సార్?' అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. అదే ఇంట్లో నాన్న ప్రామిసరీ నోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి ఉండొచ్చు. ఆ ప్రామిసరీ నోటూ ఈ పాఠమూ ఒకటేనని అటు తండ్రికీ ఇటు కొడుక్కీ ఎవరూ చెప్పి ఉండరు.

సరళరేఖలో తెలుసుకోవాల్సినవి రెండే. మొదట ఎంత ఉంది? ఒక్కో నెలకు, ఒక్కో గంటకు, ఒక్కో క్వింటాకు ఎంత చొప్పున మారుతోంది? y = mx + c అనే సమీకరణంలో మొదటిది 'సి', రెండోది 'ఎమ్'. పుస్తకంలో ఎమ్‌ను వాలు అంటారు. మనం నిర్ణయాలు తీసుకునేటప్పుడు మొదలు చూస్తాం, వాలు చూడం. దెబ్బతినేది అక్కడే.

అప్పు సంగతే చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000. పట్టాదారు పాస్‌బుక్కు మీద బ్యాంకులో లక్ష పంట రుణం తీసుకుని గడువులోగా కడితే, కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ పోను ఏడాదికి పడేది 4 శాతం, అంటే 4,000. చెవికి మాత్రం నాలుగు శాతం కన్నా రెండు రూపాయలే చిన్నగా వినిపిస్తుంది! ఒకటి నెల లెక్క, ఇంకొకటి ఏడాది లెక్క. రెండింటినీ ఒకే కాగితం మీద గీతలుగా గీస్తే లక్ష దగ్గరే మొదలై ఎంత దూరంగా విడిపోతాయో కళ్లకు కడుతుంది.

అసలు ప్రమాదం నోటు తిరగరాసిన రోజున వస్తుంది. ప్రామిసరీ నోటుకు చట్టప్రకారం మూడేళ్ల గడువు. అది దాటకముందే అప్పిచ్చినాయన కొత్త నోటు రాయమంటాడు. మూడేళ్లలో వడ్డీ కట్టకపోతే 72,000 అసలులో కలిసి కొత్త నోటు 1,72,000 అవుతుంది. రేటు అదే రెండు రూపాయలు, కానీ నెలకు పెరిగేది ఇప్పుడు 3,440. తిన్నగా పోతున్న గీత అక్కడ విరిగి నిటారుగా లేస్తుంది. ఆరేళ్లకు 2,44,000 కావాల్సిన బాకీ 2,95,840కి చేరుతుంది. అందుకే తిరగరాసే రోజు లోపు ఎంత వడ్డీ కట్టగలిగితే అంత కట్టండి. అసలులో కలిసే ప్రతి వెయ్యీ నెలకు ఇరవై రూపాయలు పిల్లలు పెడుతుంది.

ఇక కోతల కాలం. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లను పచ్చిగానే మిర్యాలగూడ మిల్లుకు తోలాలా, ఆరబోసి కొనుగోలు కేంద్రంలో కాంటా వేయించాలా? 2025-26లో ఏ గ్రేడ్ రకానికి మద్దతు ధర క్వింటాకు 2,389, తేమ 17 శాతం మించకూడదు. మీ వడ్లలో తేమ 24 శాతం ఉందనుకోండి. 17కు ఆరేసరికి వంద కిలోలు దాదాపు 91.6 కిలోలకు దిగుతాయి. అంటే పచ్చి క్వింటా లెక్కన మీకొచ్చేది 2,389 కాదు, సుమారు 2,187. మిల్లులో పచ్చి వడ్లకు 2,000 ఇస్తున్నారనుకుంటే తేడా క్వింటాకు 187. పట్టాల అద్దె, కూలీలు, కాపలా కలిపి, ఎన్ని క్వింటాళ్లైనా, 7,500 అవుతుందనుకుందాం. మిల్లు రాబడి, ఆరబోత రాబడి గీతలు రెండూ దాదాపు 40 క్వింటాళ్ల దగ్గర కలుస్తాయి. అంతకన్నా తక్కువ పండితే మిల్లు మేలు, ఎక్కువ పండితే ఆరబోత మేలు. ఎకరం రైతుకూ ఐదెకరాల రైతుకూ ఒకే జవాబు ఉండదు. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే 500 బోనస్ వర్తిస్తే, మిల్లులో సన్నాల ధర కూడా కనుక్కుని గీతలు మళ్లీ గీయాలి. కాబట్టి పక్క చేను ఆయన ఏం చేశాడన్నది మీకు లెక్క కాదు. ఆయన క్వింటాళ్లు వేరు, మీ క్వింటాళ్లు వేరు. స్వతంత్రంగా ఆలోచించడమంటే నా దృష్టిలో ఇదే: మీ అంకెలు మీరు వేసుకోవడం.

చదువుకునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. కోదాడలోనో సూర్యాపేటలోనో కోచింగ్‌లో చేరిన పల్లెటూరి విద్యార్థి మొదటి టెస్టులో 40 మార్కులు చూసుకుని కుంగిపోతాడు. పక్కవాడికి 60. ఇతనికి నెలకు 6 మార్కులు, అతనికి 2 పెరిగితే అయిదు నెలలు తిరిగేసరికి ఇద్దరికీ 70. ఎక్కడ మొదలుపెట్టామన్నది పుట్టిన ఊరు, చదివిన బడి తేల్చేసి ఉండొచ్చు. రోజూ కూర్చునే గంటలు మాత్రం మన చేతిలోవి.

అయితే అన్నీ గీతలా నడవవు. ఎకరాకు యూరియా రెట్టింపు చేస్తే వడ్లు రెట్టింపు కావు. కొంతవరకు పెరిగి, ఆపైన పైరు పడిపోతుంది, తెగుళ్లు ముసురుతాయి. అలాంటి చోట గీతను నమ్ముకోకుండా ఈ మండలంలోనే ఉన్న కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి అడగండి. మార్కులు కూడా అంతే, తొంభై దాటాక ఒక్కొక్కటే కష్టపడి తెచ్చుకోవాలి. గీత ఎంతవరకు తిన్నగా పోతుందో గమనించడం కూడా లెక్కలో భాగమే.

పదో తరగతి చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఈ వారమే మీ ఇంట్లో ఉన్న అప్పు కాగితం అడిగి తీసుకోండి. గ్రాఫు పేపరు మీద నెలలు అడ్డంగా, రూపాయలు నిలువుగా వేసి అమ్మానాన్నలకు చూపించండి. అమ్మానాన్నలూ, వచ్చేసారి నోటు మీద సంతకం పెట్టే ముందు ఆ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.