చిన్న సౌండులో వినరా

మేళ్లచెరువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మే బాగాలేదు. మొన్న ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. నువ్వు మిర్యాలగూడలో చిట్టీ పాడి, శుభ్రంగా ఆడుతున్న ఆంప్లిఫయర్‌లో సి5200లన్నీ పీకేసి మాస్‌ఫెట్లు వేయబోతున్నావట. శివరాత్రికి మన శంభులింగేశ్వరస్వామి జాతరలో పెట్టి ఊరందరికీ వినిపిస్తావట. "ట్రాన్సిస్టర్ సౌండు గరుకుగా ఉంది మామయ్యా, మాస్‌ఫెట్ అయితే వాల్వు సెట్టులా మెత్తగా ఉంటదంట" అని పోయినసారి నువ్వు రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నా. ఓపిగ్గా చదువు నాన్నా.

ఒక్క మాట చెప్పు. ఆ ఆంప్లిఫయర్‌ని చిన్న సౌండులో ఎప్పుడన్నా విన్నావా? మీ కుర్రాళ్లంతా వాల్యూమ్ చివరికంటా తిప్పి, రేకులు అదిరితే బాగుందంటారు. అంత మోతలో మంచిదేదో చెడ్డదేదో బ్రహ్మకి కూడా తెలీదు. రాత్రి షట్టరు దించి, ఫ్యాను ఆపి, ఘంటసాల పుష్పవిలాపం పెట్టు. పక్కగదిలో పడుకున్నవాళ్లు లేవనంత సౌండే ఉండాలి. రాగం తీసి సన్నగా దించే చోట గొంతులో ఇసుక పడ్డట్టు వినిపిస్తే, అది ట్రాన్సిస్టర్ జాతి తప్పు కాదు, బయాస్ తప్పు.

ఎందుకో చెబుతా. నీ అవుట్‌పుట్‌లో పై సగం తరంగాన్ని ఒక ట్రాన్సిస్టర్ మోస్తుంది, కింది సగాన్ని ఇంకొకటి. సిలికాన్‌ది 0.6 వోల్టులు అందేదాకా లేవని నిద్ర. పాతకాలపు జర్మేనియానికి 0.2, 0.3 చాలు. ఒకటి పడుకుని రెండోది ఇంకా లేవని ఆ సందులో పాట తెగుతుంది. పెద్ద సౌండులో ఆ సందు తరంగం ముందు ఎంత? అదే చిన్న సౌండులో తరంగమే సందంత ఉంటుంది. అందుకే పాట లేనప్పుడు కూడా రెండింట్లోనూ కాస్త కరెంటు పారిస్తూ ఉండాలి. బయాస్ అంటే ఇంతే. ఏసీ128లు వేసిన పాత రేడియోలు బ్యాటరీ దిగిపోతుంటే బొంగురుపోయేవి. వోల్టు తగ్గి బయాస్ పడిపోయేది, అంతే.

నాకిది పుస్తకంలో తెలిసింది కాదు. మీసాలు రాని వయసులో ఓ మైక్ సెట్టాయన వెంట హారన్లు మోస్తూ తిరిగేవాణ్ణి. జాతరలో తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు. ఒకపక్క ఎడ్ల పందేల కోసం వచ్చిన జతలు, ఒకపక్క ప్రభలు. మీ అమ్మ చిన్నపిల్ల, నా తువ్వాలు కప్పుకుని స్టేజీ పక్కనే నిద్రపోయేది, హారను మోతకి కూడా లేచేది కాదు. ఇప్పుడేమో నీ ఫోను మోగకపోయినా లేచి కూర్చుంటోంది, అది గుర్తుపెట్టుకో. ఏం చెప్తున్నా? ఆ, కృష్ణుడి వేషగాడు పద్యం ఎత్తుకుంటే బ్రహ్మాండం, చివర దించితే గరగర. పాపం గొంతు పోయిందన్నారు జనం. మా ఆయన సెట్టు మూత తీసి, 2ఎన్3055ల పక్కనున్న ప్రీసెట్‌ని చిన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పాడు. తర్వాతి పద్యం తేనె. ఏం కషాయం తాగించారయ్యా అని ఓ ముసలమ్మ స్టేజీ వెనక్కి వచ్చి మరీ అడిగింది.

జాతికి విలువే లేదనను. పాత రకం 2ఎన్3055 ఒక మెగాహెర్ట్జ్ దాటితే చేతులెత్తేసేది, నీ సి5200 ముప్పై దాకా పోతుంది. అప్పట్లో సిలికాన్‌లో పెద్ద పీఎన్‌పీలు దొరకడమే కష్టం. పైనా కిందా ఎన్‌పీఎన్‌లే పెట్టి లాక్కొచ్చారు, రెండు సగాలూ ఒక్కలా పలికేవి కావు. నీకు సి5200కి జోడీగా ఎ1943 ఉంది. ఇంతకంటే మంచి జంటని చెడగొట్టుకుంటావా?

ఐఆర్‌ఎఫ్‌పీ240 కాళ్లు సి5200 రంధ్రాల్లో చక్కగా దిగుతాయి, ముప్పంతా అక్కడే ఉంది. నీ బోర్డు డ్రైవర్ల బేసుల మధ్య ఇచ్చేది సుమారు 2.4 వోల్టులు. మాస్‌ఫెట్ ఒక్కోదానికి గేటు దగ్గరే 4 వోల్టులు కావాలి, జంటకి 8. అంటే సందు మూసుకోదు సరికదా, పెద్ద గండి పడుతుంది. అయినా పాట వస్తుంది! ఫుల్ సౌండులో నువ్వు మెత్తగా ఉందని మురిసిపోతావు కూడా. ఫీడ్‌బ్యాక్ సరిచేస్తుందిలే అనకు. 1927లో హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టిన ఆ ఉపాయం గొప్పదే, కానీ రెండు ట్రాన్సిస్టర్లూ పడుకున్న సందులో గెయినే లేకపోతే అది దేన్ని దిద్దుతుంది? మాస్‌ఫెట్టే కావాలంటే డ్రైవరూ బయాసూ దానికోసం గీసిన బోర్డు కట్టు, నేనే దగ్గరుండి చూస్తా.

ఇక వేడి. డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున ట్రాన్సిస్టర్‌కి కావలసిన వోల్టు తగ్గిపోతుంది. నువ్వు ఇచ్చే వోల్టు తగ్గకపోతే కరెంటు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, మళ్లీ కరెంటు, చివరికి పొగ. అందుకే బయాస్ చూసే బీడీ139ని హీట్ సింక్‌కే బిగించాలి. బోర్డు మీద గాలిలో నిలబెడితే అక్కడి వేడి దానికెలా తెలుస్తుంది? మైకా, గ్రీజు రెండూ వెయ్యి. మన ఊరి సిమెంటు దుమ్ము రెక్కల మధ్య పేరుకుంటుంది, వారానికోసారి బ్రష్షు కొట్టు. మూత పెట్టి గంట ఆడించాక పాట ఆపి, ఎమిటర్ దగ్గరున్న 0.22 ఓముల రెసిస్టర్ రెండు కొసలకీ మీటరు పెట్టు. 11 మిల్లీవోల్టులు చూపిస్తే 50 మిల్లీఆంపులు పారుతున్నట్టు. మీ అమ్మ ఏదో సంబంధం చూసిందట. చాలా సంతోషం, కానీ పిల్లని చూడ్డానికి వెళ్లేముందు ఆ 11 సంగతి తేల్చు.

గరుకుకి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మోటార్లన్నీ ఆడే వేళ 230 వోల్టులకి 160 వస్తే నీ పవరు సగానికి పడుతుంది. నువ్వు అదే మోత లాగితే తరంగం తల తెగి ట్వీటర్లు కాలుతాయి. డబ్బు పెట్టాలనుంటే మంచి ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కెపాసిటర్లు కొను. చిట్టీలో మిగిలింది అమ్మ చేతిలో పొయ్యి. కోఠి గుజరాతీ గల్లీకి వెళితే చవగ్గా ఇస్తున్నారని నంబరు అరగదీసి మళ్లీ అచ్చేసిన ట్రాన్సిస్టర్లు తెచ్చుకోకు. కొత్తవి వేసి మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సీరీస్ బల్బు మాత్రం మరవకు. రాత్రి పదింటికి కట్టేయడం చట్టమే. నీ చెవుల కోసమైనా కట్టెయ్. నా చెవుల్లో ఎప్పుడూ ఈగ రొద, నీకది వద్దు.

ఆదివారం సెట్టు తీసుకుని వచ్చెయ్. అత్త గోంగూర పచ్చడి చేసి పెట్టింది. కోప్పడ్డానని అలిగి మానేయకు.

ఇట్లు,
మామయ్య

మరిచాను: నీ మీటర్లో కొత్త బ్యాటరీ వేసుకునిరా. బ్యాటరీ చచ్చిన మీటరు ఏ అంకె అయినా చూపిస్తుంది.