భజనలో గిటార్ యాంప్‌కి బయటి స్పీకర్ ఎలా కలపాలి? పాతపట్నంలో నేను నేర్చుకున్న పాఠం

మొన్న వీడియో కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, అపార్ట్‌మెంట్ భజనలో గిటార్ వాయిస్తున్నాం, వెనక కూర్చున్నవాళ్లకి వినపడట్లేదు. యాంప్‌కి ఇంకో స్పీకర్ బాక్స్ పెట్టొచ్చా?" పెట్టొచ్చు. కానీ ఎలా పెట్టకూడదో నాకు బాగా తెలుసు కాబట్టి ముందు అదే చెప్తాను.

మా అమ్మమ్మ వాళ్లది పాతపట్నం. నీలమణి దుర్గమ్మ కొలువైన ఊరు, మహేంద్రతనయ నది ఒడ్డున ఉంటుంది. అక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్తే ఒడిశా, పర్లాకిమిడి. రెండేళ్ల క్రితం దసరాకి అక్కడ మా వీధి పందిట్లో భజన. హార్మోనియం తాతయ్యది, డోలక్ మావయ్యది. నేను హైదరాబాద్ నుంచి గిటార్, ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చిన 50 వాట్ల కాంబో యాంప్ పట్టుకుని దిగాను. కాంబో అంటే యాంప్లిఫయర్, స్పీకర్ రెండూ ఒకే పెట్టెలో ఉండేది.

పందిరి పొడుగు, సౌండ్ చాల్లేదు. మైక్ సెట్ ఆయన దగ్గర ఒక బాక్స్ తీసుకుని యాంప్ వెనకున్న ఎక్స్‌టర్నల్ స్పీకర్ జాక్‌లో గుచ్చేశాను. రెండు పాటలు అదిరిపోయాయి. మూడో పాటలో కాలిన వాసన, ఆ తర్వాత నిశ్శబ్దం. నా మొహం మాడిపోయింది. తాతయ్య మాత్రం తాళాలు అందుకుని, "ఏటి బావూ, కరెంటు నేకపోతే అమ్మోరు ఇనదేటి?" అని పాట కొనసాగించేశారు.

తప్పు యాంప్‌ది కాదు, బాక్స్‌ది కాదు. నాదే. ఇంజినీరింగ్‌లో ఓమ్ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అవసరమైన చోట వాడలేదు.

అసలేం జరిగింది?

యాంప్ వెనక "మొత్తం లోడ్ కనీసం 4 ఓమ్స్" అని రాసి ఉంది. లోపలి స్పీకర్ 8 ఓమ్స్. నేను తెచ్చిన బాక్స్‌లో రెండు 8 ఓమ్స్ స్పీకర్లు పారలల్‌గా కలిపి ఉన్నాయి, అంటే ఆ బాక్స్ 4 ఓమ్స్. చాలా కాంబోల్లో బయటి జాక్ కూడా లోపలి స్పీకర్‌తో పారలల్‌గానే కలుస్తుంది. పారలల్‌లో రెండింటినీ గుణించి, వాటి మొత్తంతో భాగించాలి.

8 × 4 = 32. 8 + 4 = 12. 32ని 12తో భాగిస్తే సుమారు 2.67 ఓమ్స్. కనీసం 4 ఉండాల్సిన చోట 2.67 ఉంది. ఓమ్స్ తగ్గితే కరెంట్ పెరుగుతుంది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. మావి కాలిపోయాయి. రిపేర్ ఖర్చు నేనే పెట్టుకుని, ఫ్రెండ్‌కి సారీ చెప్పి యాంప్ తిరిగిచ్చాను.

మరి ఎలా కలపాలి?

1. ముందు యాంప్ వెనక రాసింది చదవండి. కనీస ఓమ్స్ ఎంతో చూడండి. బయటి జాక్ గుచ్చితే లోపలి స్పీకర్ ఆగిపోతుందా, రెండూ మోగుతాయా అన్నది మాన్యువల్‌లో చూడండి. లెక్క దాన్నిబట్టే మారుతుంది.

2. లోపల 8, బయట 8 అయితే మొత్తం 4 ఓమ్స్. పవర్ రెండింటికీ సమానంగా పంచబడుతుంది.

3. బాక్స్ వాట్లు యాంప్ వాట్ల కంటే ఎక్కువే ఉండనివ్వండి.

4. గిటార్ కేబుల్ వాడకండి. ప్లగ్ ఒకేలా ఉంటుంది గానీ లోపల తీగ సన్నం. లావు తీగలున్న స్పీకర్ కేబులే వాడాలి.

5. లైన్ అవుట్‌కి, హెడ్‌ఫోన్ జాక్‌కి మామూలు స్పీకర్ బాక్స్ పెట్టకండి. యాంప్ వెనక స్పీకర్ జాక్ అసలు లేకపోతే లైన్ అవుట్ నుంచి మైక్ సెట్ మిక్సర్‌కి ఇవ్వడమే మంచిది.

6. తీగలు కలిపేటప్పుడు, తీసేటప్పుడు యాంప్ ఆఫ్‌లో ఉండాలి. ట్యూబ్ యాంప్ అయితే స్పీకర్ లేకుండా అసలు ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది.

7. ప్లగ్‌కి ఎర్త్ పిన్ తీసేయకండి. పందిట్లో తడి నేల, ఇనుప గుంజలు ఉంటాయి. ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం.

ఇంకోటి. రెండో స్పీకర్ పెడితే సౌండ్ రెట్టింపు అయిపోతుందనుకోకండి. పవర్ రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే వాల్యూమ్ పెంచే బదులు బయటి బాక్స్‌ని పందిరి మధ్యలో, చెవుల ఎత్తులో పెట్టండి. ముందువాళ్ల చెవులు పగలవు, వెనకవాళ్లకీ అందుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న రూల్ కూడా గుర్తుపెట్టుకోండి. పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లలుంటారు, పెద్దవాళ్లుంటారు.

కిందటి దసరాకి మళ్లీ వెళ్లాను. సొంత యాంప్, 8 ఓమ్స్ బాక్స్, సరైన కేబుల్. లెక్క కాగితం మీద రాసుకుని మరీ కలిపాను. అన్నీ అయ్యాక గిటార్ వాల్యూమ్ తాతయ్య గొంతు కంటే ఒక మెట్టు కింద పెట్టాను. కిందటిసారి అది కూడా తప్పే చేశాను, కానీ యాంప్ కాలిన గొడవలో ఎవరూ అనలేదు. ఈసారి చివరి వరసలో కూర్చున్న అమ్మమ్మ, "మీ తాత పాట బాగా ఇనబడిందిరా" అంది. గిటార్ గురించి ఏమీ అనలేదు. నాకు అదే పెద్ద మెప్పు అనిపించింది.

భజనలో మన వాయిద్యం పాటని మోయాలి, మింగెయ్యకూడదు. మీ యాంప్ వెనక ఏం రాసుందో కామెంట్‌లో పెట్టండి, లెక్క కలిసే చేద్దాం. అమ్మవారి దయ అందరి మీదా ఉండాలి. జై దుర్గా!