తీరం దాటిన తరువాత

"తుఫాను తీరం దాటింది." వార్తల్లో ఈ మాట వినబడగానే అందరం "అమ్మయ్య!" అనుకుంటాం. గాలి హోరు తగ్గుతుంది. మూసిన కిటికీలు తెరుస్తాం. గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాం. కాని నిజంగా గండం గడిచినట్లేనా? తీరం దాటిన తుఫాను ఎక్కడికి పోతుంది? అది సముద్రం మీద నుంచి మోసుకొచ్చిన నీరంతా ఏమవుతుంది?

ఈ ప్రశ్నలకు సమాధానం కావాలంటే 2017 ఆగస్టులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రాన్ని ముంచెత్తిన 'హార్వే' కథ తెలుసుకోవాలి. మనం బంగాళాఖాతంలో తుఫాను అని పిలిచే దానినే, అది అట్లాంటిక్ మహాసముద్రంలో పుట్టి బాగా బలం పుంజుకొంటే హరికేన్ అంటారు. చైనా, జపాను వైపు టైఫూన్ అంటారు. పేర్లు వేరైనా పుట్టుక ఒక్కటే.

హార్వే వచ్చింది, ఆగిపోయింది

హార్వే 2017 ఆగస్టు 17న అట్లాంటిక్ మీద తుఫానుగా మారింది. కరీబియన్ సముద్రం మీదికి వచ్చేసరికి బలహీనపడి చెదిరిపోయింది. కాని మెక్సికో సింధుశాఖలోని గోరువెచ్చని నీటి మీదికి చేరగానే మళ్ళీ ప్రాణం పోసుకొంది. రెండు మూడు రోజుల్లోనే ప్రచండ రూపం దాల్చి, ఆగస్టు 25 రాత్రి రాక్‌పోర్ట్ అనే చిన్న పట్టణం దగ్గర తీరాన్ని తాకింది. అప్పుడు గాలి వేగం గంటకు సుమారు 210 కిలోమీటర్లు.

హరికేన్ల తీవ్రతను 1 నుంచి 5 వరకు అంకెలతో చెబుతారు. సాఫిర్ అనే ఇంజనీరు, సింప్సన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు తయారుచేసిన కొలమానం ఇది. దీని ప్రకారం హార్వే 4వ తరగతిది. తీరం దాటాక ఒక్క రోజులోనే అది 1వ తరగతి కన్నా కిందికి దిగిపోయింది. ఇక అది హరికేనే కాదు! అంకెను మాత్రమే చూసేవారికి ప్రమాదం తీరినట్లే కనిపిస్తుంది. అసలు విపత్తు మొదలైంది అప్పుడే.

రాక్‌పోర్ట్‌కు సుమారు 250 కిలోమీటర్ల దూరంలో హ్యూస్టన్ మహానగరం ఉంది. తుఫాను కన్ను ఆ నగరం మీదుగా పోనేలేదు. అయినా హ్యూస్టన్ వీధులు కాలువలయ్యాయి. ఇళ్ళ లోపల నడుములోతు నీళ్ళు నిలిచాయి. జనాన్ని పడవల్లో తరలించవలసి వచ్చింది.

గాలి తగ్గింది, వాన ఎందుకు తగ్గలేదు?

తుఫానును ఒక పెద్ద యంత్రం అనుకోండి. దానికి ఇంధనం సముద్రపు ఆవిరి. 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 1 గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 540 కెలోరీల ఉష్ణం కావాలని మీ పాఠాల్లో చదివి ఉంటారు. అదే బాష్పీభవన గుప్తోష్ణం. గోరువెచ్చని సముద్రపు నీటికైతే ఇంకొంచెం ఎక్కువే కావాలి. ఈ ఉష్ణం ఎక్కడికీ పోదు, ఆవిరిలో దాగి ఉంటుంది. ఆవిరి పైకి పోయి చల్లబడి నీటి బిందువులుగా మారినప్పుడు బయటికి వస్తుంది. చుట్టూ ఉన్న గాలి వేడెక్కి ఇంకా పైకి లేస్తుంది. ఖాళీ అయిన చోటికి నాలుగు వైపుల నుంచి గాలి పరుగెత్తుకు వస్తుంది. తుఫాను బలమంతా ఇదే.

నేల మీదికి రాగానే రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది, కింద వెచ్చని సముద్రం ఉండదు కనుక ఇంధనం తగ్గిపోతుంది. రెండవది, చెట్లు, కొండలు, ఇళ్ళు గాలికి అడ్డుపడతాయి. ఈ ఘర్షణ వల్ల నేలకు దగ్గరగా వీచే గాలి వేగం పడిపోతుంది. కాని మేఘాల్లోని తేమ, పై గాలిలోని సుడి వెంటనే మాయం కావు. పొయ్యి ఆర్పగానే కాగుతున్న నీళ్ళు చల్లబడతాయా? ఇదీ అంతే.

హార్వే విషయంలో ఇంకొక చిక్కు వచ్చింది. దాని కేంద్రం నేల మీద ఉన్నా తీరానికి దగ్గరలోనే ఉండిపోయింది. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో తిరుగుతాయి. అందువల్ల కేంద్రానికి తూర్పున గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. హ్యూస్టన్ ఉన్నది ఆ తూర్పు వైపే! బావి గట్టున నిలిచిన ఏతంలా హార్వే సముద్రపు తేమను తోడి తోడి ఆ నగరం మీద పోసింది.

మరి అది ముందుకు ఎందుకు కదలలేదు? తుఫాను తనంతట తాను ప్రయాణం చేయదు. కాలువలో పడిన ఆకును నీరు మోసుకుపోయినట్లు, చుట్టూ వీచే పెద్ద గాలులు దాన్ని మోసుకుపోతాయి. ఆ రోజుల్లో హార్వేకు రెండు పక్కలా అధిక పీడన ప్రాంతాలు ఉన్నాయి. ఒకటి ఇటు నెడితే మరొకటి అటు నెట్టింది. తుఫాను మధ్యలో చిక్కుకుంది. ఆగస్టు 28న మెల్లగా మళ్ళీ సముద్రంలోకి జారి, 30న పక్కనున్న లూసియానా రాష్ట్రం దగ్గర మరోసారి తీరం దాటింది.

వాకిట్లో కల్లాపి చల్లే మనిషిని చూడండి. గబగబా నడుస్తూ చల్లితే నేల తడుస్తుంది, అంతే. ఒకేచోట నిలబడి చల్లితే అక్కడ మడుగు కడుతుంది. తుఫాను వాన కూడా ఇంతే. గాలి ఎంత బలంగా వీస్తోంది అన్న దాని కన్నా, తుఫాను ఎంత నెమ్మదిగా కదులుతోంది అన్నదే వాన లెక్కను నిర్ణయిస్తుంది.

ఎంత వాన కురిసింది?

టెక్సాస్‌లోని నెదర్లాండ్ అనే పట్టణం దగ్గర ఈ ఒక్క తుఫానులో 60.58 అంగుళాల వర్షం నమోదయింది. అంటే సుమారు 154 సెంటీమీటర్లు! హైదరాబాదులో ఏడాది పొడుగునా కురిసే సగటు వాన సుమారు 80 సెంటీమీటర్లు. దానికి దాదాపు రెట్టింపు వాన కొద్దిరోజుల్లో పడిందన్నమాట. అంతకు ముందు అమెరికాలో ఒక తుఫాను కురిపించిన అత్యధిక వర్షం 52 అంగుళాలు. అది 1950లో హవాయి దీవుల్లో నమోదయింది.

వాన కొలతలో ఒక సులువైన సూత్రం గుర్తుంచుకోండి. 1 చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. ఈ లెక్కన నెదర్లాండ్ దగ్గర ఒక్కొక్క చదరపు మీటరు మీద 1,500 లీటర్లకు పైగా నీరు పడింది. అంటే ఒకటిన్నర టన్నులు!

వర్షపాతం చూపే పటాల్లో వాడే రంగులు చాలక, అమెరికా వాతావరణ శాఖ ఆ రోజుల్లో కొత్త రంగులు చేర్చవలసి వచ్చింది. ఆ నీటి బరువుకు హ్యూస్టన్ ప్రాంతంలో నేల సుమారు 2 సెంటీమీటర్లు కుంగిందని ఉపగ్రహాల సాయంతో స్థానాన్ని కొలిచే జీపీఎస్ పరికరాలు తెలిపాయి. నీరు సముద్రంలోకి పోయి, ఆవిరై, బరువు తగ్గిన కొన్ని వారాలకు నేల మళ్ళీ పైకి లేచింది.

టెక్సాస్‌లో ఈ తుఫాను నేరుగా కనీసం 68 మందిని బలిగొంది. వారిలో ముగ్గురు తప్ప మిగిలిన వారంతా వాన వరద నీటి వల్లనే మరణించారు. గాలి వల్ల కాదు, సముద్రపు ఉప్పెన వల్ల కాదు. తీరం దాటిన తరువాత కూడా ఎందుకు అప్రమత్తంగా ఉండాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

కొలిచేది ఎవరు?

"ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి. వాన ఎంత పడిందో అవే చెబుతాయి కదా!" అని మీరు అనవచ్చు. రాడార్ వాన చినుకులకు తగిలి తిరిగి వచ్చే తరంగాలను బట్టి వాన ఎంతో అంచనా కడుతుంది. ఆ అంచనా సరిగా ఉందో లేదో తేలాలంటే నేల మీద ఎవరో ఒకరు పాత్ర పెట్టి కొలవాలి. పైగా వాన ఊరంతటా ఒకేలా కురవదు.

దీనికొక ఉదాహరణ ఉంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరు ఉంది. 1997 జూలై 28న అక్కడ హఠాత్తుగా వరద వచ్చి అయిదుగురు చనిపోయారు. ఊరికి ఒక పక్క 14 అంగుళాలకు పైగా వాన పడితే, మరో పక్క 2 అంగుళాలు కూడా పడలేదు. ఉన్న కొద్దిపాటి వర్షమాపకాలు ఈ తేడాను వెంటనే పట్టలేకపోయాయి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసే నోలన్ డోస్కెన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు మరుసటి ఏడాది, అంటే 1998లో, ఊరి ప్రజల చేతనే వాన కొలిపించే ఏర్పాటు చేశాడు. దాని పేరు 'కోకోరాజ్'. అది క్రమంగా దేశమంతా వ్యాపించింది. విద్యార్థులు, ఉపాధ్యాయులు, రైతులు, పింఛను పుచ్చుకొంటున్న పెద్దలు అందులో సభ్యులు. ఎవరికీ జీతం లేదు. రోజూ ఉదయం సుమారు 7 గంటలకు పెరట్లోని వర్షమాపకం చూసి, అంకె రాసి పంపుతారు. వాన పడని రోజు 'సున్నా' అని పంపడం కూడా వారి పనే. ఎక్కడ పడలేదో తెలిస్తేనే కదా ఎక్కడ పడిందో పటం గీయగలిగేది!

వారు వాడే వర్షమాపకం చూడడానికి చిన్నదే. పైన 4 అంగుళాల వెడల్పున్న గరాటు, లోపల సన్నని గొట్టం, వెలుపల పెద్ద గొట్టం. గరాటు మూతి వైశాల్యం సన్నని గొట్టం వైశాల్యానికి పది రెట్లు. కనుక 1 అంగుళం వాన పడితే గొట్టంలో 10 అంగుళాల ఎత్తున నీరు నిలుస్తుంది. అందువల్ల అంగుళంలో నూరవ వంతు కూడా కంటితో చదవవచ్చు. గొట్టం నిండితే నీరు వెలుపలి గొట్టంలోకి పొర్లుతుంది. మొత్తం మీద 11 అంగుళాలు పడుతుంది. అంతకన్నా ఎక్కువ వాన పడేటట్లుంటే పాత్ర నిండక ముందే కొలిచి, రాసుకొని, నీరు పారబోసి మళ్ళీ పెట్టాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

తుఫానుల వెంట చెవి ఒగ్గి ఉండే ఔత్సాహికులు మరికొందరు కూడా ఉన్నారు. వారు హామ్ రేడియో వారు. 1965లో బెట్సీ అనే హరికేన్ వచ్చినప్పుడు వీరు ఒక జట్టుగా ఏర్పడ్డారు. దీవుల్లో, తీరాల్లో ఉన్న సభ్యులు తమ ఇంటి దగ్గర గాలి వేగం, వాతావరణ పీడనం ఎంత ఉన్నాయో రేడియోలో చెబుతారు. ఆ వివరాలు మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రానికి చేరతాయి. తుఫానులో టెలిఫోను తీగలు తెగినా బ్యాటరీతో నడిచే రేడియో పలుకుతూనే ఉంటుంది.

మన హుద్‌హుద్ చెప్పిన పాఠం

హార్వే కదలక నష్టం చేసింది. కదిలిపోయే తుఫాను కూడా తీరం దాటాక దూరప్రాంతాల్లో ప్రాణాలు తీయగలదు. ఇందుకు మన విశాఖపట్నమే సాక్షి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. నగరంలో చెట్లన్నీ నేలకూలిన సంగతి మీ పెద్దలు చెప్పే ఉంటారు. తరువాత అది బలహీనపడుతూ ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి సాగింది. దాని తేమ అక్టోబరు 14న హిమాలయాలకు చేరింది. అక్కడి చలికి అది వానగా కాక మంచుగా కురిసింది. నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతాల దగ్గర కాలినడకన వెళ్తున్న యాత్రికులు, వారి సహాయకులు 40 మందికి పైగా ఆ మంచులో చిక్కి మరణించారు. విశాఖ తీరానికీ ఆ కొండలకూ మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల పైమాటే!

మీరూ చేయండి

వర్షమాపకం మీరూ తయారుచేయవచ్చు. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా లేదా గాజు పాత్ర తీసుకోండి. చెట్లకు, గోడలకు దూరంగా, ఆరుబయట కదలకుండా నిలబెట్టండి. మన దేశంలో వాతావరణ శాఖ వారు రోజువారీ వాన లెక్కను ఉదయం 8.30 గంటలకు తీస్తారు. మీరూ అదే సమయానికి స్కేలుతో నీటి ఎత్తు కొలిచి, తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. సున్నా అయినా సరే, రాయడం మానకండి.

గాలి దిక్కును కూడా గమనించండి. డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో చెప్పిన నియమం ఒకటి ఉంది. మన ఉత్తరార్ధగోళంలో గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే, అల్పపీడన కేంద్రం మీ ఎడమచేతి వైపు, కొంచెం ముందుగా ఉంటుంది. ఉదయం తూర్పు గాలి వీచి, సాయంత్రానికి అది దక్షిణపు గాలిగా మారిందనుకోండి. అంటే మీకు దక్షిణాన ఉన్న కేంద్రం పడమరకు జరిగిందన్నమాట. తుఫాను ఎటు పోతోందో మీరే చెప్పగలరు!

అయితే ఒక హెచ్చరిక. గాలివానలో ఇవేవీ చేయడానికి బయటికి వెళ్ళకండి. పారే వరద నీటిలో అడుగు పెట్టకండి. మోకాలి లోతు లేని ప్రవాహం కూడా మనిషిని పడదోయగలదు. ఒక రోజు లెక్క పోయినా నష్టం లేదు.

ఈసారి తుఫాను తీరం దాటిందని విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. అది ఎంత వేగంగా కదులుతోంది? దానికి తేమ ఇంకా ఎక్కడి నుంచి అందుతోంది? ఆ నీరు ఏ వాగుల్లోకి, ఏ నదుల్లోకి దిగుతుంది? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా తుఫాను కథ ముగిసినట్లు కాదు.

ఆలోచించండి

1. మీ బడి డాబా వైశాల్యం 200 చదరపు మీటర్లు. ఒక రాత్రి 15 సెంటీమీటర్ల వాన పడింది. డాబా మీద ఎన్ని లీటర్ల నీరు పడినట్లు?

2. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉన్న గ్లాసును వర్షమాపకంగా వాడి, నీటి ఎత్తును నేరుగా స్కేలుతో కొలిస్తే వాన అసలు కన్నా ఎక్కువ కనిపిస్తుందా, తక్కువ కనిపిస్తుందా? ఎందుకు?

3. హార్వే కేంద్రం హ్యూస్టన్‌కు తూర్పున నిలిచి ఉంటే, ఆ నగరం మీద గాలి ఏ వైపు నుంచి వీచి ఉండేది? అప్పుడూ అంత వాన కురిసేదా?

(మొదటి ప్రశ్నకు జవాబు: 30,000 లీటర్లు. మిగిలిన రెండింటినీ మీ మిత్రులతో చర్చించండి.)