మడ్డి ఎండితే సరిపోతుందా?

2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లికి ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. పేరు పరమేశ్వరన్ అయ్యర్. మంచినీళ్లు, పారిశుధ్యం చూసే కేంద్ర శాఖకు అప్పుడాయన కార్యదర్శి. ఆయన ఒక ఇంటి మరుగుదొడ్డి గుంటలోకి దిగారు. లోపలున్నదాన్ని పైకి తీశారు. చాలా రాష్ట్రాల అధికారులూ ఆ పనిలో చెయ్యి వేశారు.

ముక్కు మూసుకోకండి. గుంటలో ఉన్నది నల్లటి, పొడి ఎరువు.

అదెలా అయింది? అది రెండు గుంటల మరుగుదొడ్డి. ఒకటి నిండితే మూసేసి, రెండోది వాడతారు. గుంట గోడకు కన్నాలుంటాయి. నీళ్లు నేలలోకి ఇంకిపోతాయి. ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా ఉంచితే మిగిలింది మన్నులా మారుతుంది. నిండగానే తవ్వితే మాత్రం కాదు సుమా!

పట్నాల్లో ఎక్కువగా సెప్టిక్ ట్యాంకులు. అడుగూ గోడలూ సిమెంటువి. అడుగున మడ్డి పేరుకుంటుంది. ఎన్నేళ్లున్నా తడి ఆరదు. లోపల విషవాయువు ఉంటుంది. దిగిన మనిషి ఊపిరాడక పోతాడు. కాపాడబోయినవాడూ పోతాడు. రక్షణ సామాను లేకుండా మనిషిని దించడం నేరమని 2013లో చట్టం వచ్చింది.

అందుకే ట్యాంకరు లారీ మడ్డిని పీల్చుకుపోతుంది. ఎక్కడికి? కొందరు ఊరి చివర కాలవలో వదిలేస్తారు. కొందరు రైతులు, "మా చేలో పొయ్యి తమ్ముడూ, బలం" అంటారు. బలం మాట నిజమే. కానీ పచ్చి మడ్డిలో ఏలికపాము గుడ్లుంటాయి. ఆ చేలో ఆకుకూర మన ఇంటికే వస్తుంది. చెప్పుల్లేకుండా కలుపు తీసేది మన ఆడవాళ్లే.

ఇప్పుడొక లెక్క. వంద కిలోల మడ్డిలో 98 కిలోలు నీళ్లే అనుకోండి. గట్టి సరుకు 2 కిలోలు. సగం నీళ్లు, సగం సరుకు అయ్యేదాకా ఎండబెడితే ఎంత మిగులుతుంది? 4 కిలోలు! లారీ ఖర్చు ఎంత తగ్గుతుందో చూడండి.

శుద్ధి కేంద్రాల్లో ఇందుకు మళ్లు కడతారు. అడుగున కంకర, పైన ఇసుక. మడ్డిని జానెడు మందాన పోస్తారు. ఇంకా మందంగా పోస్తే, లావు వడియంలాగా లోపల పచ్చిగానే ఉంటుంది. కొంత నీరు ఇసుకలోంచి దిగి గొట్టంలోకి పోతుంది. ఆ నీళ్లనూ శుద్ధి చెయ్యాలి. మిగతాది ఎండ లాగేస్తుంది. మంచి ఎండల్లో పది, పదిహేను రోజులు పడుతుంది. వానాకాలంలో మడి మీద కప్పు లేకపోతే చేసిన పనంతా నీళ్లపాలే. ఎండిన మడ్డి చెరువు అడుగులాగా నెర్రెలిస్తుంది. అప్పుడు పారతో ఎత్తుతారు.

ఇక చేలోకి తోలుకోవచ్చా? ఆగాలి. ఏలికపాము గుడ్డు మొండిది. పదిహేను రోజుల ఎండకు చావదు. ఎండిన మడ్డిని ఇంకో ఏడాదికి పైగా నిలవ ఉంచాలి. లేదా తడి చెత్తతో కలిపి కుప్ప వేసి కంపోస్టు చెయ్యాలి. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి కొన్ని రోజులు ఉండాలి. కర్ణాటకలోని దేవనహళ్లిలో 2015లో పెట్టిన కేంద్రంలో మడ్డిని ఎండబెట్టి, ఊరి చెత్తతో కలిపి ఎరువు చేశారు.

ఫ్యాక్టరీల మురుగు కలిసిన మడ్డి సంగతి వేరు. అందులో సీసం, కాడ్మియం ఉండొచ్చు. అవి ఎండకూ పోవు, కుప్పలోనూ కుళ్లవు. ఆ మడ్డిని పరీక్ష చేయించకుండా పొలానికి తోలకూడదు.

మాట్లాడుకోండి: మీ ఊరికి వచ్చే ట్యాంకరు మడ్డిని ఎక్కడ పోస్తోంది?