కాలువ కట్టు దినములు

విరామము రెండు విధములు. పని తనంతట తాను ఆగిపోవుట ఒకటి. ఫలానా దినమున ఆగునని ముందే తెలిసి, అందుకు సిద్ధపడి ఆపుట మరియొకటి. ఈ రెండవదానిని గూర్చి కోనసీమవారికి క్రొత్తగ చెప్పవలసినది లేదు. ఏటేట వేసవిలో గోదావరి కాలువలు కట్టివేయుదురు. సాధారణముగ ఏప్రిల్ మాసమున నీరు నిలిపి, జూన్ మాసమున మరల విడుతురు. గట్లు, లాకులు, తూములు బాగుచేయుటకును, పూడిక తీయుటకును ఈ ఎడము అవసరము.

నగరము ప్రాంతమునకు నీరు వచ్చు త్రోవయే ఒక విశేషము. కాటను దొర ధవళేశ్వరమున 1847లో ఆనకట్ట పని మొదలిడి 1852 నాటికి పూర్తి చేయించెను. కాని నగరము లంక వైనతేయ పాయకు ఆవల నున్నది. అందుచేత గన్నవరము వద్ద పాయమీదుగ 49 కమానుల అక్విడక్టు కట్టి కాలువను దాటించిరి. అంతదూరము పారివచ్చు నీటిని నమ్ముకొన్న శివారు రైతు, కాలువ కట్టు తేదీని అందరికన్న ముందే లెక్కించుకొనవలెను.

ఆ లెక్క ఇట్టిది. దాళ్వాలో వేయు 1010 రకము, కాటన్ దొర సన్నాలని మనవారు పిలుచునది, విత్తినది మొదలు కోతవరకు సుమారు 120 దినములు పట్టును. గింజ గట్టిపడువరకు మడిలో తడి ఉండవలెను. ఏప్రిల్ నడుమ నీరు ఆగునన్నచో నారు డిసెంబరు మాసములోనే పడవలెను. సార్వా కోత అంతకు ముందే ముగియవలెను. అనగా వేసవి విరామము రైతును నవంబరులోనే నిద్ర లేపుచున్నది! డిసెంబరులో జారవిడిచిన వారము ఆనాడు ఎవరి కంటను పడదు. ఏప్రిల్ లో తాలుగింజయై కనబడును.

నీరు నిండుగ పారినన్నాళ్లు గట్టుకు బొరియ పడినను పట్టించుకొనువారు అరుదు. వంతులవారీ విధానము వచ్చినదో, అదే మనిషి తెల్లవారకముందే పారపట్టి బోదె శుభ్రము చేయును, గండి పూడ్చును. ఊరివారు త్రాగునీటి చెరువులు నింపుకొందురు. గడువు దగ్గరపడిన కొలది పనిలో పొదుపు వచ్చుచున్నది. ఆ పొదుపు జనవరిలోనే ఏల రాదన్నది మనము అడుగుకొనవలసిన ప్రశ్న.

ఇక తొందర వేరు, సిద్ధపాటు వేరు. తొందరపడి పచ్చిగ కోసినచో తేమ నూటికి 17 పాళ్లు మించి కొనుగోలు కేంద్రమున పేచీ వచ్చును. రేపు నీరుండునో ఉండదో యని ఎగువవాడు రెండు వంతుల నీరు పెట్టుకొనును. దిగువవాని మడి నెఱ్ఱెలు విచ్చును. శరణుల చరిత్ర నెఱిగిన పాఠకులకు ఆయ్దక్కి మారయ్య కథ తెలిసినదే. ఆయన గోష్ఠిలో మునిగి కాయకము మరచియుండగ భార్య లక్కమ్మ హెచ్చరించెను. ఆయన పరుగున పోయి, నిత్యము తెచ్చుదానికన్న అధికముగ బియ్యము ఏరి తెచ్చెను. ఆమె మెచ్చుకొనలేదు, అధికమైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మనెను. ఎగువ రైతు పెట్టుకొన్న రెండవ వంతు అట్టి బియ్యమే.

కాలువ బాగుచేయువారికిని ఇదే న్యాయము. అంచనాలు, టెండర్లు నీరు ఆగకమునుపే ముగిసియుండవలెను. కాలువ కట్టిన పిమ్మట కాగితములు కదిలినచో ఎండిన కాలువ ఊరకే పడియుండును. తుదకు నీరు వచ్చుచుండగ పూడిక తీయుట మొదలగును.

2011 సార్వాలో కోనసీమ రైతులు మరియొక విధమైన విరామము పాటించిరి. గిట్టుబాటు ధర లేదనియు, మురుగు కాలువలు పూడిపోయినవనియు పంట విరామము ప్రకటించి పొలములు బీడు పెట్టిరి. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును నియమించవలసి వచ్చెను. రైతుల బాధ నిజమైనదే. కాని ఆ విరామమునకు సిద్ధపడుటకు కూలివానికి ఏమున్నది? నాట్లు లేవు, కలుపు లేదు, కోత లేదు. ఏటేట వచ్చు కాలువ కట్టునకైనను అతడు దాళ్వా కోతల కూలిలో కొంత దాచుకొనగలడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము పిమ్మట వేసవి మట్టిపనులు కొంత ఆదుకొనినవి. యజమాని పని నిలుపు తేదీ నిర్ణయించునాడు, ఆ తేదీ కూలివానికి ఎన్నిదినములు ముందుగ తెలిసినదో కూడ లెక్కలో చేర్చుకొనవలసియున్నది.