కనిపించని ఆవేశానికి కొలత

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చెల్పూర్ వద్ద 1100 మెగావాట్ల సామర్థ్యం గల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. బొగ్గు మండినచోట బూడిద తప్పదు. అది పైరులనూ, ప్రజల ఊపిరితిత్తులనూ చేరకుండా, ఇటువంటి కేంద్రాలలో పొగను స్థిరవిద్యుత్తుతో ధూళిని వేరుచేసే యంత్రాల గుండా పంపుతారు. బూడిద రేణువులు ఋణావేశాన్ని పొంది, ఎదుటి లోహపు పలకలకు అంటుకొంటాయి.

కంటికి కనిపించని ఆవేశాన్ని కొలవడమెట్లా? అందుకు రెండు బెండుబంతులు, పట్టుదారాలు, గాజుకడ్డీ, స్కేలు చాలు. 0.1 గ్రాము ద్రవ్యరాశి గల బంతులను 50 సెంటీమీటర్ల దారాలతో ఒకే బిందువు నుండి వేలాడదీయాలి. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డీని తాకించగానే అవి సమానమైన ధనావేశాన్ని పొంది, పరస్పరం వికర్షించుకొంటాయి. వాటి మధ్య ఎడం 6 సెంటీమీటర్లయితే, దారపు వాలును బట్టి, వికర్షణ బలం బంతి భారంలో నూటికి 6 వంతులు. 1785లో కూలుంబ్ నిరూపించిన సూత్రాన్ని అన్వయిస్తే ఒక్కొక్క బంతిపై ఆవేశం సుమారు 5 నానోకూలుంబులు. అనగా ఒక్కొక్కటి దాదాపు 3 వేల కోట్ల ఎలక్ట్రాన్లను కోల్పోయిందన్నమాట!

గాలిలో తేమ ఉంటే ఆవేశం త్వరగా జారిపోతుంది. కావున పొడివేళ ప్రయోగం చేయడం మేలు. బంతులను ఎడంచేసే వికర్షణకూ, బూడిదను పట్టి నిలిపే ఆకర్షణకూ మూలం ఒక్కటే.